ఫీజు కట్టే ముందు ఫీల్డ్ వెతుక్కోండి: ఇంటి దగ్గర ఉండి ఎంఎస్‌డబ్ల్యూ చదవడం ఎలా

ఎంఎస్‌డబ్ల్యూ (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్ అనే రెండేళ్ల పీజీ) చేయాలని ఉంది కానీ రోజూ కాలేజీకి పోవడం కుదరదు అని నన్ను అడిగేవాళ్లలో చాలామంది ఇప్పటికే ఏదో ఒక పనిలో ఉన్నవాళ్లే. అంగన్‌వాడీ టీచర్లు, మండల సమాఖ్యలో తిరిగే అక్కలు, ప్రైవేటు బడిలో చెప్పే తమ్ముళ్లు, డిగ్రీ అయ్యాక పెళ్లయి ఐదారేళ్లు పుస్తకం ముట్టని ఆడపిల్లలు. నేనూ అలాగే చదివాను. పరకాల దగ్గరి మా ఊరి నుంచి హన్మకొండకు ఉద్యోగానికి వస్తూ పోతూ, బస్సులో వీడియోలు వింటూ, రాత్రి పిల్లలు పడుకున్నాక అసైన్‌మెంట్లు రాస్తూ పూర్తి చేశాను.

వచ్చేవాళ్లంతా మూడు ప్రశ్నలు అడుగుతారు. ఏ యూనివర్సిటీ మంచిది, ఫీజు ఎంత, ఆ డిగ్రీ చెల్లుతుందా? మంచి ప్రశ్నలే. కానీ నాతో పాటు చేరి మధ్యలో ఆగిపోయినవాళ్లలో ఎక్కువ మంది ఈ మూడింటి వల్ల ఆగలేదు, ఫీల్డ్‌వర్క్ దగ్గర ఆగిపోయారు. పాఠాలు స్క్రీన్ మీద వస్తాయి. మనుషుల దగ్గరికి మాత్రం మీరే నడిచి పోవాలి. అందుకే ఈ పనులన్నీ ఒక వరుసలో పెట్టి చెబుతున్నాను. వరుస మార్చకండి.

మొదట నోటిఫికేషన్ చదవండి

ఈ డిగ్రీ మీకు ఎందుకో ఒక కాగితం మీద రాసుకోండి. ఉద్యోగం కోసమైతే, మీకు నచ్చిన ఉద్యోగానికి వచ్చిన పాత నోటిఫికేషన్ ఒకటి సంపాదించండి. జిల్లా బాలల పరిరక్షణ విభాగం, సఖి కేంద్రం, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098, ఆసుపత్రుల్లో కౌన్సెలర్లు, ఇలాంటి పోస్టుల నోటిఫికేషన్లు జిల్లా వెబ్‌సైట్లలో దొరుకుతాయి. అందులో అర్హత అనే లైను జాగ్రత్తగా చదవండి. కొన్నిటికి ఎంఎస్‌డబ్ల్యూతో పాటు ఎంఏ సోషియాలజీ, సైకాలజీ కూడా సరిపోతాయని ఉంటుంది. చాలాచోట్ల అనుభవం కూడా అడుగుతారు. ఈ పోస్టుల్లో ఎక్కువ భాగం కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగే. ఆ సంగతి చేరే ముందే తెలిసి ఉండాలి.

రోజూ పోగలిగే వీలుంటే మాత్రం కాకతీయ యూనివర్సిటీలో రెగ్యులర్ ఎంఎస్‌డబ్ల్యూ ఉంది. వయసు, ఇల్లు, డబ్బు మూడూ అనుకూలిస్తే అదే మేలు. ఈ సబ్జెక్టు తోటివాళ్లతో వాదించుకుంటూ చదివితేనే బాగా ఒంటబడుతుంది. కుదరనివాళ్ల కోసం మిగతాది.

గుర్తింపు చూసుకోవడం

దూరవిద్య వేరు, ఆన్‌లైన్ వేరు. దూరవిద్యలో పుస్తకాలు ఇస్తారు, స్టడీ సెంటర్ ఉంటుంది, పరీక్ష సెంటర్‌కు పోయి రాస్తారు. ఆన్‌లైన్ విధానంలో వీడియో పాఠాలు, చదివే మెటీరియల్, చర్చా వేదిక అన్నీ ఒకే పోర్టల్ మీద నడుస్తాయి. రెండింటినీ యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2020 నాటి నిబంధనలు నడిపిస్తాయి. గుర్తింపు ఉన్న సంస్థ నుంచి ఈ విధానాల్లో తీసుకున్న డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని 2022లో యూజీసీ స్పష్టంగా చెప్పింది. ఎవరైనా అనుమానంగా మాట్లాడితే ఆ నోటీసు ప్రింటు తీసి చూపించండి.

అయితే గుర్తింపు యూనివర్సిటీకి ఉంటే చాలదు. ఆ కోర్సుకు, ఆ విధానానికి, మీరు చేరే ఆ సెషన్‌కు ఉండాలి. యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో వెబ్‌సైట్‌లో యూనివర్సిటీ పేరు, సంవత్సరం, కోర్సు పేరు మూడూ మీ కళ్లతో చూడండి. నిరుడు ఉన్నది ఈసారి ఉంటుందని అనుకోవద్దు. 2025లో సైకాలజీ లాంటి కోర్సులను ఆన్‌లైన్, దూరవిద్య నుంచి తీసేశారు. చూసిన పేజీని స్క్రీన్‌షాట్ తీసి, తేదీతో సహా దాచుకోండి. నాలుగేళ్ల తర్వాత సర్టిఫికెట్ వెరిఫికేషన్ రోజు అదే అక్కరకొస్తుంది.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. మన చౌరస్తాల్లో, బస్టాండు గోడల మీద "ఒకే సిట్టింగ్‌లో పీజీ" అనే పోస్టర్లు చూస్తుంటాం. వాటి దగ్గరికి పోకండి. యూనివర్సిటీ తన కోర్సును వేరేవాళ్లకు ఫ్రాంచైజీ ఇవ్వడం యూజీసీ నిబంధనలకు విరుద్ధం. అడ్మిషన్ యూనివర్సిటీ సొంత పోర్టల్‌లోనే జరగాలి, ఫీజు యూనివర్సిటీ ఖాతాకే పోవాలి. ఇంకో రాష్ట్రంలోని యూనివర్సిటీ దూరవిద్య అంటే కూడా ఆగి ఆలోచించండి. రాష్ట్ర యూనివర్సిటీల దూరవిద్యకు ప్రాంతం హద్దు ఉంటుంది, ఆన్‌లైన్‌కు ఆ హద్దు లేదు.

మన దగ్గర ఎక్కువ మంది ఎంచుకునేది ఇగ్నో, అంటే ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1985లో పెట్టిన కేంద్ర యూనివర్సిటీ, దేశమంతా చెల్లుతుంది. ఏ డిగ్రీ ఉన్నా ఎంఎస్‌డబ్ల్యూకు అర్హత ఉంటుంది. జనవరి, జూలై రెండు సెషన్లలో అడ్మిషన్లు ఉంటాయి. ఈ వ్యాసంలో ఉదాహరణలు దాని నుంచే ఇస్తాను. మిగతా యూనివర్సిటీల్లోనూ పద్ధతి కొంచెం అటూఇటూగా ఇదే.

ఇప్పుడు ఫీల్డ్ వెతకండి, ఫీజు తర్వాత

ఎంఎస్‌డబ్ల్యూలో ఫీల్డ్‌వర్క్ రెండు సంవత్సరాలూ తప్పనిసరి. ఒక సూపర్‌వైజర్ కింద, ఒక సంస్థలో లేదా ఒక ఊర్లో, నిర్ణీత గంటలు పనిచేసి, ప్రతి రోజుకూ రికార్డు రాయాలి. థియరీ పేపర్ తప్పినా మళ్లీ రాసుకోవచ్చు. ఫీల్డ్‌వర్క్ జరగకపోతే డిగ్రీ లేదు.

అందుకని ఫీజు కట్టకముందే రెండు సంగతులు తేల్చుకోండి. మీ దగ్గరి స్టడీ సెంటర్లలో ఎంఎస్‌డబ్ల్యూ నడిచేది ఏది, అక్కడ ఫీల్డ్‌వర్క్ సూపర్‌వైజర్ ఉన్నారా? ఫోన్ చేసి కనుక్కుంటే సరిపోదు, ఒకసారి స్వయంగా పోయి కోఆర్డినేటర్ సార్‌ను కలవండి. రెండోది, మీరు వారానికి రెండు రోజులు పోగలిగే సంస్థ ఏది?

మన ఉత్తర తెలంగాణలో చోట్లకు కొదవ లేదు. వరంగల్‌లో ఎంజీఎం ఆసుపత్రి ఉంది. ఒక్క ఓపీ వరండాలో కూర్చుంటే చాలు, ములుగు నుంచి, మహబూబాబాద్ నుంచి రోగితో వచ్చినవాళ్లు ఏ కౌంటర్‌కు పోవాలో తెలియక నిలబడటం కనిపిస్తుంది. హెచ్‌ఐవీ కౌన్సెలింగ్ కేంద్రాలు, సఖి కేంద్రాలు, బాలసదనాలు, జిల్లా న్యాయసేవాధికార సంస్థ, దివ్యాంగ పిల్లల కోసం మండలాల్లో నడిచే భవిత కేంద్రాలు, పట్టణ బస్తీల్లో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) మహిళా సంఘాలు, ఊర్లలో గ్రామైక్య సంఘాలు ఉన్నాయి. ఏటూరునాగారం, ఉట్నూరు ఐటీడీఏల (గిరిజనాభివృద్ధి సంస్థల) పరిధిలో కోయ, గోండు, నాయకపోడు గూడేలు, లంబాడీ తండాలు ఉన్నాయి. కాజీపేట దగ్గర ఫాతిమానగర్‌లోని బాల వికాస లాంటి పెద్ద స్వచ్ఛంద సంస్థలూ ఉన్నాయి.

చోటు ఎంచుకునేటప్పుడు ఇంటికి ఎంత దగ్గరో మొదట చూడకండి. అక్కడ మీకు నేర్పే మనిషి ఉన్నారో లేదో చూడండి. మొదటి ఏడాది నేను ఒక సంస్థకు పోయాను. మా ఇంటి నుంచి ఇరవై నిమిషాల దారి, అదే చూసుకున్నాను. అక్కడ నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి రెండు నెలలు లబ్ధిదారుల పేర్లు ఎక్కించమన్నారు. ఒక్క మనిషితో కూడా మాట్లాడలేదు. అడగడానికి మొహమాటపడ్డాను. ఆ రెండు నెలలు పోయినట్టే, మళ్లీ వేరే చోట మొదలుపెట్టాల్సి వచ్చింది. మీరు మొదటి రోజే అడగండి: "సార్, నేను వారానికి ఎంతమందిని కలవొచ్చు? ఎవరితో మాట్లాడొచ్చు? నా రికార్డు చూసి సంతకం పెట్టేది ఎవరు?" ఈ మూడింటికీ సూటిగా జవాబు వస్తేనే అది మీ చోటు.

మీరు ఉద్యోగం చేస్తున్న సంస్థలోనే ఫీల్డ్‌వర్క్ చేయొచ్చా అని చాలామంది అడుగుతారు. స్టడీ సెంటర్ ఒప్పుకుంటే కుదరొచ్చు, కానీ నేను వద్దనే అంటాను. రోజూ చేసే పనిలో కొత్తగా ఏదీ కంటికి ఆనదు. అదే సంస్థలో వేరే విభాగమైతే కొంత నయం.

అనుమతి కాగితం

నోటి మాట మీద మొదలుపెట్టవద్దు. స్టడీ సెంటర్ నుంచి లెటర్ తీసుకోండి, దాన్ని సంస్థ అధికారికి ఇచ్చి, వాళ్ల లెటర్‌హెడ్ మీద ఒప్పుకున్నట్టు తిరుగు లెటర్ తీసుకోండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, వారానికి ఏ రోజులు, అక్కడ మీ బాధ్యత ఎవరిది అన్నవి అందులో ఉండాలి. పిల్లల హోమ్‌లకు, ఆసుపత్రులకు పైఅధికారి అనుమతి కావాలి. ఫైలు కదలడానికి వారాలు పడుతుంది కాబట్టి క్లాసులు మొదలయ్యే ముందే పెట్టండి. అన్నిటికీ రెండేసి జిరాక్సులు ఉంచుకోండి.

అడ్మిషన్ కాగితాల్లో ఎక్కడ ఇరుక్కుంటారు

దరఖాస్తు పని చిన్నదే. ఇరుక్కునేది పేరు దగ్గర. 2024 నుంచి దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల్లో చేరేవాళ్లకు డెబ్ ఐడీ (డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో ఇచ్చే నంబరు) కావాలి. దానికి ముందు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీ కావాలి. డిజిలాకర్‌లో ఆధార్‌తో అది వస్తుంది. మనవాళ్లకు పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. పెళ్లయినవాళ్లకు ఆధార్‌లో అత్తగారింటి పేరు ఉంటుంది. పోర్టల్ అక్కడ ఆగిపోతుంది. నెట్ సెంటర్‌లో తమ్ముడు ఏదో ఒకటి కొట్టేస్తానంటాడు, వద్దనండి. మెమోలో ఉన్నట్టే ఆధార్ సరిచేయించుకుని తర్వాత దరఖాస్తు చేయండి. మొబైల్ నంబరు, ఈమెయిల్ మీ సొంతవే ఇవ్వండి. నెట్ సెంటర్ వాళ్ల మెయిల్ ఇచ్చి, హాల్‌టికెట్ సంగతి తెలియక పరీక్ష పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఫీజు విషయంలో ఒకటే మాట: ఈపాస్ ఫీజు రీయింబర్స్‌మెంట్ దూరవిద్యకు వర్తించదు. దాని మీద లెక్క వేసుకోకండి. ఇప్పటికే బీఈడీనో మరో పీజీనో రెగ్యులర్‌గా చేస్తున్నవాళ్లు దానితో పాటు దూరవిద్యలో ఇంకో డిగ్రీ చేయొచ్చని 2022లో యూజీసీ అనుమతించింది. కానీ ఫీల్డ్‌వర్క్ ఉన్న కోర్సును ఇంకో కోర్సుతో కలిపి లాగడం చాలా కష్టం. నేనైతే సలహా ఇవ్వను.

గంటల లెక్క

ఇగ్నో లెక్కలో 1 క్రెడిట్ అంటే 30 గంటల చదువు. 4 క్రెడిట్ల పేపర్ ఒకటి 120 గంటలు. ఏడాదిలో అలాంటివి 6 ఉంటే 720 గంటలు, అంటే వారానికి దాదాపు 14. ఫీల్డ్‌వర్క్ దీనికి అదనం. ఈ లెక్క ఇంట్లో అందరికీ చెప్పండి. ముఖ్యంగా ఆడవాళ్లకు చెబుతున్నాను: "చదువుకుంటా" అంటే ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. "ఆదివారం పొద్దున ఆరు నుంచి పది దాకా నేను లేనట్టే" అంటే అర్థమవుతుంది. మా అత్తమ్మ మొదట్లో గొణిగింది. నాలుగో వారం నుంచి ఆ టైముకు ఎవరైనా వస్తే ఆమే గుమ్మం దగ్గర ఆపి మాట్లాడి పంపించేది.

తాడ్వాయి, గంగారం లాంటి అడవి మండలాల్లో ఉండేవాళ్లు హన్మకొండ వచ్చినప్పుడల్లా వారానికి సరిపడా వీడియోలు, పీడీఎఫ్‌లు డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఇగ్నో పుస్తకాలన్నీ ఈజ్ఞానకోశ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంటాయి. ఈపీజీ పాఠశాలలో సోషల్ వర్క్ పాఠాలు ఉన్నాయి. స్వయం పోర్టల్‌లోనూ వెతకండి. గైడ్లు కొనాల్సిన అవసరం లేదు.

తెలుగు మీడియం వాళ్లకు

ఇగ్నోలో ఈ కోర్సు ఇంగ్లిష్, హిందీ మీడియాల్లోనే ఉంది. డిగ్రీ దాకా తెలుగులో చదివినవాళ్లకు ఇదే పెద్ద టెన్షన్. నాకూ అంతే. దాటిన దారి చెబుతాను.

ముందు పదాలను మన ఊరి మాటలోకి తెచ్చుకోండి. నిఘంటువులో అర్థం వెతకడం కాదు, దాన్ని ఒక సంఘటనతో కట్టేసుకోవాలి. సింపథీ అంటే "అయ్యో పాపం" అనడం. ఎంపథీ అంటే బాధ చెప్పుకునే ఆమె చోట కూర్చుని చూడటం, అయినా నా చోటు మరిచిపోకపోవడం. సెల్ఫ్ డిటర్మినేషన్ అంటే నిర్ణయం ఆమెదే, నాకు నచ్చకపోయినా ఆమెదే. రాపో అంటే నమ్మకం కుదరడం, నేను పోగానే ఆమె టీవీ కట్టేసి చాప వేయడం. ఇలా ఒక నోట్‌బుక్‌లో రెండు వందల పదాలు రాశాను. పరీక్షలో జవాబు ఆ సంఘటనల నుంచే వచ్చింది.

అసైన్‌మెంట్‌కు ప్రశ్న చదవగానే పుస్తకం తెరవద్దు. ముందు తెలుగులో పక్కింటి అక్కకు చెప్పినట్టు ఫోన్‌లో రికార్డు చేసుకోండి. అప్పుడు పాఠం చదవండి. తర్వాత చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో చేత్తో రాయండి. పెద్ద పదాలు ఎవరూ అడగరు. ఇగ్నోలో అసైన్‌మెంట్లకు 30 శాతం, చివరి పరీక్షకు 70 శాతం వెయిటేజీ ఉంటుంది. నెట్‌లో అమ్మే రెడీమేడ్ జవాబులు ఎక్కించి రాస్తే ఆ 30 శాతం రావొచ్చు, 70 శాతం దగ్గర చేయి కదలదు.

థియరీ పేపర్లను మన జిల్లాలతో కలిపి చదివితే ఇట్టే గుర్తుంటాయి. కమ్యూనిటీ ఆర్గనైజేషన్ (ఊరివాళ్లను ఒక పని కోసం కూడగట్టడం) చదివేటప్పుడు గీసుగొండ మండలం గంగదేవిపల్లికి ఒక రోజు పోయి రండి. తాగునీటి కమిటీ మొదలు ఒక్కో పనికి ఒక్కో కమిటీ పెట్టుకుని నడుపుకున్న ఊరు అది. ఆ తర్వాత నిజామాబాద్, జగిత్యాల వైపు గ్రామాభివృద్ధి కమిటీల గురించి చదవండి. ఊరికి మంచి చేసిన కమిటీలున్నాయి. కుటుంబాలను వెలివేసి, జరిమానాలు వేసి వార్తలకెక్కినవీ ఉన్నాయి. రెండూ కమ్యూనిటీ ఆర్గనైజేషనే కదా, తేడా ఎక్కడుంది? కమిటీలో ఎవరు కూర్చున్నారు, ఎవరు గడప బయట నిలబడ్డారు అన్న దగ్గర ఉంది. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుంటే ఆ పేపర్ సగం అయిపోయినట్టే.

ఫీల్డ్‌లో మొదటి నెల

మొదటి నాలుగు సార్లు ఏమీ చేయకండి. సర్వే ఫారం తీయకండి, ఫొటో తీయకండి, అవగాహన సదస్సు పెడతానని అనకండి. కూర్చోండి, పేర్లు తెలుసుకోండి, ఎవరి ఇంటికి ఎవరు పోతారో చూడండి. ఎవరైనా "ఏం స్కీమ్ మేడమ్?" అని అడుగుతారు. "ఏ స్కీమూ లేదు అక్కా, నేను చదువుకుంటున్న, మీ దగ్గర నేర్చుకునేటందుకు వచ్చిన" అని నిజం చెప్పండి. కొందరు లేచిపోతారు. ఫర్వాలేదు. ఉన్నవాళ్లతోనే మీ పని.

ఇక్కడ మన ప్రాంతంలోని పాత ముచ్చట ఒకటి చెప్పాలి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణం పోయాక, గోండుల బాధ ఏమిటో తెలుసుకోమని నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తకు పని అప్పగించింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో గోండుల మధ్యే కాపురం ఉన్నారు, వాళ్ల భాష నేర్చుకున్నారు. 1943లో గోండు పిల్లలకు గోండు టీచర్లే చెప్పే చదువుల పథకం ఆ మార్లవాయి నుంచే మొదలైంది. ముందు ఉండటం, తర్వాత వినటం, ఆ తర్వాతే పథకం. ఇవాళ ఫీల్డ్‌వర్క్ క్లాసులో మనకు చెప్పే వరుస అదే. అవకాశం ఉంటే మార్లవాయి చూసి రండి.

రికార్డు రాయడం

మార్కులు పోయేది, మనం నేర్చుకునేది రెండూ ఇక్కడే. నా మొదటి రికార్డు మొత్తం వెనక్కి వచ్చింది, నలభై పేజీలు. సూపర్‌వైజర్ ఒకటే మాట రాశారు: "ఇందులో నువ్వెక్కడ?" చాలా బాధపడ్డాను. తర్వాత చూసుకుంటే నిజమే. ప్రతి పేజీలోనూ ఇలాంటి వాక్యాలే ఉన్నాయి:

"ఈ రోజు గృహ సందర్శన చేసి, బాలల విద్య ప్రాముఖ్యత గురించి తల్లికి అవగాహన కల్పించడం జరిగింది."

అదే రోజు గురించి తిరిగి రాసింది ఇది:

"పదకొండింటికి వెళ్లాను. ఆమె బీడీలు చుడుతోంది. చాప వేసింది కానీ చేతిలో పని ఆపలేదు. కొడుకు బడి సంగతి అడగ్గానే కత్తెర ఆగింది, లోపలి గది వైపు చూసింది. లోపల అత్త ఉంది. నేను మాట మార్చి తునికాకు ధర గురించి అడిగాను. బయటికి వచ్చాక తెలిసింది, ఆ ప్రశ్న ఆ ఇంట్లో అడగకూడదు. రేపు అంగన్‌వాడీ దగ్గర ఆమె ఒక్కతే ఉన్నప్పుడు కలుస్తాను."

మొదటిది రిపోర్టు. రెండోది రికార్డు. ఏం చూశాను, ఏమన్నారు, నేను ఏమన్నాను, ఎక్కడ తప్పాను, తర్వాత ఏం చేస్తాను, ఇవన్నీ ఉండాలి. కేస్‌వర్క్ (ఒక్కో మనిషితో విడిగా చేసే పని) పేపర్లో వ్యక్తి, సమస్య, చోటు, ప్రక్రియ అని నాలుగు అంశాలు చదువుతారు. పైన రాసిన ఏడెనిమిది లైన్లలో ఆ నాలుగూ ఉన్నాయి, చూడండి.

రికార్డు అదే రోజు రాయాలి. ఆదివారం ఒకేసారి రాద్దామనుకుంటే కత్తెర ఆగిన సంగతి మరిచిపోతారు. బస్సులో వచ్చేటప్పుడే ఐదు ముక్కలు ఫోన్‌లో రాసుకోండి, లేదా మాట్లాడి రికార్డు చేసుకోండి. పేర్లు మాత్రం ఫోన్‌లో కూడా వద్దు.

మన ఊరు కావడమే కష్టం

ఆన్‌లైన్‌లో చదివేవాళ్లు సొంత ఊరికి దగ్గరలోనే ఫీల్డ్‌వర్క్ చేస్తారు. భాష, చుట్టరికం, దారి అన్నీ తెలుసు. అదే బలం. అదే ప్రమాదం కూడా. ఒకసారి ఆన్‌లైన్ గ్రూపు చర్చలో నేను ఒక కేసు చెప్పాను. పేరు చెప్పలేదు. ఊరు ఏ వైపో, ఎంతమంది ఆడపిల్లలో, భర్త ఏ దేశంలో పనిచేస్తాడో చెప్పాను. చర్చ అయిపోయాక ఒకామె ఫోన్ చేసి "అక్కా, ఆమె మా పెద్దమ్మ బిడ్డే కదా" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తల్లి నన్ను నమ్మి చెప్పిన మాట అది.

అప్పటి నుంచి నేను పాటించేది ఇది. పేరుతో పాటు ఊరు, కులం, పిల్లల సంఖ్య, భర్త పని, ఈ ఐదింటిలో కనీసం మూడు మారుస్తాను. పిల్లల విషయంలో ఇది మన మంచితనం మీద ఆధారపడిన సంగతి కాదు. బాల న్యాయ చట్టం 2015లోని సెక్షన్ 74, పోక్సో చట్టం 2012లోని సెక్షన్ 23 పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని నిషేధించాయి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల వివరాలకు 2017 చట్టం రక్షణ ఇస్తుంది. స్టేటస్‌లో సెల్ఫీ పెట్టడం కూడా బయటపెట్టడమే.

ఇంకొకటి. మనం ఏ వాడ నుంచి వచ్చామో ఊరికి తెలుసు. మీరు పై కులం ఇంటి పిల్ల అయితే దళిత వాడలో మీతో మర్యాదగా మాట్లాడతారు, కానీ నిజం మాట్లాడకపోవచ్చు. మీరు దళితులైతే కొన్ని ఇళ్లలో మిమ్మల్ని అరుగు దాటనివ్వకపోవచ్చు. రెండింటినీ దాచకుండా రికార్డులో రాయండి, సూపర్‌వైజర్‌తో మాట్లాడండి. అవమానం జరిగితే ఒంటరిగా మింగుకోవద్దు. చోటు మార్చమని అడిగే హక్కు మీకుంది.

మనసు బరువైన రోజులూ వస్తాయి. ఆసుపత్రిలో ఒక బిడ్డ చనిపోయిన రోజు ఇంటికి వచ్చి అన్నం వండలేకపోయాను. క్లాసులో తోటివాళ్లు ఎదురుగా ఉండరు కాబట్టి ఆన్‌లైన్ విద్యార్థికి ఇది రెండింతలు. అందుకే మీ బ్యాచ్‌లో ఇద్దరు ముగ్గురిని వెతుక్కుని నెలకోసారి హన్మకొండలో ఎక్కడైనా కూర్చోండి. వాట్సాప్ గ్రూపు దానికి సరిపోదు.

డిసర్టేషన్

డిసర్టేషన్ అంటే మీరు సొంతంగా చేసి రాసే చిన్న పరిశోధన. అంశం పెద్దది ఎంచుకోవద్దు. "తెలంగాణలో రైతు ఆత్మహత్యలు" అని ఒక విద్యార్థి రాయలేడు. 1997-98లో పత్తి పంటను పురుగు తినేసిన ఏడాది వరంగల్ జిల్లాలో జరిగిన విషాదం నుంచి ఇప్పటిదాకా దాని మీద ఎంతో రాశారు. మీరు చేయగలిగింది ఏమిటంటే, మీ మండలంలో భర్త పోయిన పదిహేను మంది ఆడవాళ్ల దగ్గర కూర్చుని, పట్టా ఎవరి పేరు మీదికి మారింది, అప్పు ఎవరి నెత్తిన పడింది అని అడగడం. గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇళ్లు జగిత్యాలలో, మగ్గాల ఇళ్లు సిరిసిల్లలో, మిర్చి కూలీలు ఎనుమాముల మార్కెట్లో, పోడు భూముల ఇళ్లు ములుగులో ఉన్నాయి. మీరు బస్సు మారకుండా పోగలిగే చోటే మీ అంశం. పీహెచ్‌డీ గ్రంథాలు దొరికే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో అదే అంశం మీద వచ్చిన రెండు పీహెచ్‌డీలు చూసి, వాళ్లు అడగని ప్రశ్న ఒకటి పట్టుకోండి. గైడ్ ఆమోదం, సారాంశం పని ముందుగానే అయిపోవాలి. దానికి నెలలు పడుతుంది.

మార్కుల గురించి

ఇగ్నో పరీక్షలు జూన్, డిసెంబర్‌లలో ఉంటాయి. పరీక్ష ఫారం, ఫీజు వేరుగా కట్టాలి, అడ్మిషన్ ఫీజులో కలవదు. పాస్ అయితే చాలని రాయకండి. రేపు యూజీసీ నెట్ రాయాలంటే పీజీలో 55 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ (నాన్ క్రీమీలేయర్), దివ్యాంగులకు 50. నెట్‌లో సోషల్ వర్క్ ప్రత్యేక సబ్జెక్టు, కోడ్ 10. లెక్చరర్ అవ్వాలనో, పీహెచ్‌డీ చేయాలనో ఏ మూలన కోరిక ఉన్నా మొదటి ఏడాది నుంచే 60 దాటేట్టు చూసుకోండి.

విదేశాలకు పోవాలనుకునేవాళ్లకు రెండు ముక్కలు. ఇంగ్లండ్‌లో సోషల్ వర్కర్ అనే పేరు వాడాలంటేనే సోషల్ వర్క్ ఇంగ్లండ్‌లో రిజిస్టర్ కావాలి. ఆస్ట్రేలియాలో అక్కడి సోషల్ వర్కర్ల సంఘం ఫీల్డ్ గంటలు లెక్కబెడుతుంది, అక్కడి కోర్సుల్లో అవి 1000. అందుకే మీ ఫీల్డ్ హాజరు పట్టీ గంటలతో, సంతకంతో, స్టాంపుతో సహా ఇప్పుడే భద్రం చేసుకోండి.

వెళ్లిపోయే రోజు

ఫీల్డ్‌వర్క్ గంటలు పూర్తవగానే చాలామంది మాయమైపోతారు. సర్టిఫికెట్ మీద సంతకం తీసుకుని మళ్లీ కనిపించరు. కేస్‌వర్క్‌లో ముగింపు కూడా ఒక దశ, దానికీ రికార్డు రాయాలి. కనీసం మూడు వారాల ముందు చెప్పండి: ఫలానా తేదీ నా చివరి రోజు అని. ఆ తర్వాత వాళ్లకు అవసరమైతే ఎవరి దగ్గరికి పోవాలో, అంగన్‌వాడీ టీచర్ అయితే ఆమెను, ఆశా కార్యకర్త అయితే ఆమెను వెంటబెట్టుకుపోయి ముఖాముఖి పరిచయం చేయండి. 181 (మహిళల హెల్ప్‌లైన్), 1098 నంబర్లు ఇంటి గోడ మీద సుద్దతో రాసి రండి. డబ్బు సాయం చేస్తానని, మళ్లీ తప్పకుండా వస్తానని మాట ఇవ్వకండి.

మా బీడీల అక్కలకు నేను ఒక్క వారం ముందే చెప్పాను. ఒక పెద్దామె నా చేయి పట్టుకుని "మళ్ల ఎప్పుడొస్తవ్ బిడ్డా" అంది. జవాబు సిద్ధం చేసుకుని పోలేదు కాబట్టి "వస్త అమ్మా" అనేశాను. వైవాలో సార్ ఆ పేజీ తెరిచి అదే అడిగారు: "మళ్లీ పోయావా?" అప్పటికి పోలేదు. ఆ మరుసటి ఆదివారం పోయాను, మార్కుల మెమో ఇంకా రాకముందే.